ఇంటర్‌పర్సనల్ స్కిల్స్ కోర్సుల్లో ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. పనిలో మంచి పేరే ఉంది కానీ, అప్రైజల్‌లో ‘ఇంటర్‌పర్సనల్ స్కిల్స్ మెరుగుపడాలి’ అని రాశారు. మూడు శిక్షణలు చూశాం. ఒకటి రెండు రోజుల వర్క్‌షాప్, ఇంకొకటి 40 వీడియోల ఆన్‌లైన్ కోర్సు, మూడోది వారానికి రెండు గంటల చొప్పున ఎనిమిది వారాల బ్యాచ్. అన్నింటికీ సర్టిఫికెట్ ఇస్తారు. వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది?

జవాబు: ముందు ఆ అప్రైజల్ వాక్యం సంగతి తేల్చుకోండి. మీటింగులో అభ్యంతరం చెప్పడం, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినడం, పని ఆలస్యమవుతోందని ముందే తెలియజేయడం, కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడటం... అన్నింటికీ కలిపి పెట్టిన పేరే అది. వీటిలో ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. మేనేజర్‌ని మీ అమ్మాయి ఒక్క ప్రశ్న అడిగితే చాలు: “ఈ మధ్య ఏ సందర్భంలో నేను ఇంకోలా మాట్లాడి ఉంటే బాగుండేది?” రెండు మూడు సందర్భాలు చేతిలోకి వచ్చాకే కోర్సుల సంగతి చూడండి.

శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో చూడాలని 1959లో అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకు ఫలితం కనిపించిందా. కోర్సుల ప్రకటనల్లో కనిపించే ‘98 శాతం సంతృప్తి’ లాంటివన్నీ మొదటి మెట్టువే. క్లాసు నచ్చడానికీ నేర్చుకోవడానికీ మధ్య సంబంధం బలహీనం. చక్కగా నవ్వించే ట్రైనర్‌కు మార్కులు బాగానే పడతాయి, సోమవారం ఆఫీసులో మాత్రం పాత పద్ధతే నడుస్తుంది. పాత విద్యార్థులతో మాట్లాడే వీలుంటే ‘బాగుందా’ అని అడగకండి. ‘ఇప్పుడు ఏ పని వేరేగా చేస్తున్నారు’ అని అడగండి.

మనుషులతో వ్యవహరించే నైపుణ్యాలకు ఎక్కువగా పరీక్షకు నిలిచిన పద్ధతి బిహేవియర్ మోడలింగ్. మనుషులు ఎదుటివాళ్లను చూసి నేర్చుకుంటారన్న మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా సిద్ధాంతం ఆధారంగా 1970లలో సూపర్‌వైజర్ల శిక్షణ కోసం రూపొందింది. ఇందులో నాలుగు భాగాలు. చేయాల్సినవి నాలుగైదు స్పష్టమైన అంశాలుగా ఇస్తారు, చేసి చూపిస్తారు, మీ చేత చేయిస్తారు, చేసినదాని మీద ఫీడ్‌బ్యాక్ ఇస్తారు. ఉదాహరణకు ఆలస్యం గురించి చెప్పడాన్నే తీసుకుంటే: తెలిసిన రోజే చెప్పాలి, మొదటి వాక్యంలోనే విషయం రావాలి, కారణం ఒక్కటే చెప్పాలి, కొత్త తేదీ ఇవ్వాలి, దానివల్ల ఎదుటివాళ్ల పని ఎక్కడ ఆగుతుందో అడగాలి.

ఈ అంశాలు కాగితం మీద ఇస్తే సరిపోదా? పరిశోధకులు గ్యారీ లేథమ్, లీస్ సారీ 1979లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి జవాబుంది. శిక్షణ పొందిన సూపర్‌వైజర్లు ఏడాది తర్వాత పనిలో వచ్చిన రేటింగుల్లో కూడా శిక్షణ లేనివారికన్నా ముందున్నారు. శిక్షణ లేనివారికి ఆ అంశాలు మాత్రం చెప్పి చూస్తే వాళ్ల ప్రవర్తనలో మార్పు రాలేదు. వాళ్లకూ పూర్తి శిక్షణ ఇచ్చాక తేడా పోయింది. మీరు చూసిన 40 వీడియోల కోర్సుకు ఉన్న ఇబ్బంది ఇదే. వీడియో చూపించగలదు, మీ అమ్మాయి మాట్లాడుతుంటే వినలేదు.

అందుకే కోర్సు ఎన్ని గంటలన్నది పక్కన పెట్టి, ఒక్కొక్కరు స్వయంగా సాధన చేసే నిమిషాలు లెక్క కట్టండి. వర్క్‌షాప్‌లో 40 మంది ఉన్నారనుకుందాం, రోల్‌ప్లేకి, అంటే సన్నివేశాన్ని నటించి సాధన చేయడానికి, గంటన్నర కేటాయించారు. జంటకు ఆరు నిమిషాల చొప్పున 15 జంటలే వస్తాయి, మిగిలిన పదిమంది చూసి ఇంటికి వెళ్తారు. అదే 12 మంది బ్యాచ్‌లో ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు ఒకేసారి సాధన చేస్తే, వారానికి 45 నిమిషాల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు దక్కుతాయి. మొదటి వారం పరిచయాలకు, చివరి వారం సర్టిఫికెట్ల ఫొటోలకు పోయినా గంటన్నర మిగులుతుంది. పైగా క్లాసుకీ క్లాసుకీ మధ్య వారం రోజులు ఆఫీసులో ప్రయత్నించి, ఎక్కడ తడబడిందో వచ్చి చెప్పే వీలుంటుంది. నా మొగ్గు ఎనిమిది వారాల బ్యాచ్ వైపే. అయితే అందులో కూడా ఉపన్యాసాలే ఎక్కువైతే వర్క్‌షాప్‌కన్నా మెరుగేమీ కాదు. చేరేముందు ఒక క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి.

ఆ క్లాసులో మూడు విషయాలు గమనించాలి. సరైన పద్ధతితోపాటు తప్పు పద్ధతి కూడా చూపిస్తున్నారా? సాధనకు సన్నివేశాలు పుస్తకంలోవేనా, నేర్చుకునేవాళ్లు తమ ఆఫీసు నుంచి తెచ్చుకున్నవా? పాల్ టేలర్, సహచరులు 117 అధ్యయనాలను కలిపి 2005లో చేసిన విశ్లేషణలో ఈ రెండూ ఉన్న శిక్షణలో నేర్చుకున్నది ఆఫీసు పనిలో ఎక్కువగా కనిపించినట్టు తేలింది. ఇక మూడోది ఫీడ్‌బ్యాక్ తీరు. ‘నీకు కాన్ఫిడెన్స్ తక్కువ’ అంటే మనిషి ముడుచుకుపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ‘కారణం చెప్పావు, కొత్త తేదీ చెప్పలేదు, మళ్లీ చెయ్యి’ అనాలి, అని మళ్లీ చేయించాలి కూడా. ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడోవంతుకు పైగా పనితీరు తగ్గిందని పరిశోధకులు క్లూగర్, డెనిసి 1996లోనే చూపించారు. కాబట్టి ‘వ్యక్తిగత ఫీడ్‌బ్యాక్ ఇస్తాం’ అన్న మాట ఒక్కటే చూసి చేరకండి.

అదే 2005 విశ్లేషణలో ఇంకో మాట ఉంది: శిక్షణ వల్ల నేర్చుకున్నది ఎక్కువ, పనిలో కనిపించిన మార్పు తక్కువ. పై అధికారులకూ ఆ శిక్షణ ఇచ్చిన చోట, కొత్త పద్ధతికి ఆఫీసులో మెప్పు దొరికిన చోట ఆ తేడా తగ్గింది. అంత ఏర్పాటు మీ చేతుల్లో లేదు కానీ, మేనేజర్‌తో ‘ఈ రెండు నెలలు ఫలానా విషయం మీద పనిచేస్తున్నాను, కనిపిస్తే చెప్పండి’ అని ముందే అనడానికి అడ్డేమీ లేదు.

చివరగా కొలత. కోర్సు మొదలయ్యేలోగా రెండు ప్రవర్తనలు ఎంచుకుని, రోజూ కలిసి పనిచేసే ముగ్గురిని అడగాలి: ‘గత రెండు వారాల్లో నేను ఇది ఎన్నిసార్లు చేశాను, ఎన్నిసార్లు చేయాల్సి వచ్చింది?’ కోర్సు అయిన ఆరు వారాలకు, మళ్లీ మూడు నెలలకు అదే ప్రశ్న. మీ అమ్మాయి తనకు తాను వేసుకునే మార్కులను మాత్రం నమ్మకండి. కోర్సుకు ముందు పదికి ఏడు వేసుకున్నవాళ్లు తర్వాత అయిదు వేసుకోవడం మామూలే. నైపుణ్యం తగ్గి కాదు, మంచిదంటే ఏమిటో తెలిసి గీటురాయి మారినందువల్ల. ముగ్గురి లెక్కల్లోనూ మార్పు లేకపోతే, ఆ మూడు నెలల్లో అలాంటి సందర్భాలు అసలు వచ్చాయో లేదో ముందు చూడండి. రాకపోతే మేనేజర్‌ని అడిగి వారం వారం జరిగే ఒక మీటింగు నడిపే బాధ్యత తీసుకోమనండి. వచ్చినా మారకపోతే ఇంకో కోర్సులో చేరే బదులు, ఆ ఒక్క సందర్భాన్నే తీసుకుని సీనియర్ సహోద్యోగి ఎదుట ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ వారానికి రెండుసార్లు సాధన చేయమనండి.