శ్రీలంకలో తిమింగలాలు, స్కూబా రెండూ కావాలంటే ముందు నెల చూడండి, తర్వాతే తీరం

"ఫిబ్రవరిలో వారం రోజులు శ్రీలంక వెళ్తున్నాం. బ్లూ వేల్స్ చూడాలి, స్కూబా చేయాలి, వీలైతే నువరెలియా కొండలు కూడా. అరవై దాటిన మా అమ్మ కూడా వస్తోంది. త్రింకోమలీ మంచిదా, మిరిస్సా మంచిదా?" అని అడిగారు.

ఫిబ్రవరి అంటున్నారు కాబట్టి దక్షిణ తీరంలోని మిరిస్సానే. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. శ్రీలంక చిన్న దేశమే అయినా రెండు వైపులా సముద్రం ఒకేలా ఉండదు. దక్షిణ, పడమటి తీరాలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగుంటాయి. తర్వాత నైరుతి రుతుపవనాలు వచ్చి అక్కడ సముద్రం పోటెత్తుతుంది. అప్పుడు తూర్పున త్రింకోమలీ తెరుచుకుంటుంది, సెప్టెంబరు దాకా ఫర్వాలేదు. ఫిబ్రవరిలో త్రింకోమలీ వైపు పీజియన్ ఐలాండ్‌లో స్నార్కెలింగ్, మర్నాడు మిరిస్సాలో తిమింగలాలు అని ఒకే ప్యాకేజీలో కట్టి అమ్మేవాళ్ళని నేను చూశాను. మ్యాప్ మీద దూరం లెక్కేసుకున్నారే గానీ గాలి ఎటు వీస్తుందో చూసుకోలేదు. అలాంటి ప్లాన్ ఎవరు పంపినా తిప్పి పంపేయండి. త్రింకోమలీకి మే, జూన్ నెలల్లో ఇంకోసారి వెళ్ళండి. అక్కడ హార్బర్ పక్కనే లోతైన అగాధం ఉంది కాబట్టి ఒడ్డుకు దగ్గర్లోనే వేల్స్ కనిపిస్తాయి, కోనేశ్వరం గుడి ఉన్న కొండ మీద నుంచి కూడా చూసినవాళ్ళున్నారు.

మిరిస్సాలో కనిపించడానికీ కారణం అలాంటిదే. దేశానికి దక్షిణపు కొస దోంద్రా దగ్గర తీరం నుంచి కొద్ది దూరంలోనే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. అక్కడ వాటికి మేత దొరుకుతుంది. వేరే సముద్రాల్లో బ్లూ వేల్స్ మేతకు చలి నీళ్ళకీ, పిల్లల్ని కనడానికి వెచ్చని నీళ్ళకీ వేల కిలోమీటర్లు తిరుగుతాయి. ఇక్కడివాటిలో చాలా మటుకు ఈ వెచ్చని నీళ్ళలోనే ఉండిపోతాయి. 2003లో శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ నీళ్ళ మీద ఎర్రగా తేలుతున్న తిమింగలం మలం చూసి, ఇవి ఇక్కడే మేస్తున్నాయని గుర్తుపట్టారు. మలం చూసి అంత పెద్ద సంగతి పట్టుకున్నారంటే నాకు ఆవిడంటే చెప్పలేనంత గౌరవం.

ఇక ప్లాన్ విషయం. అందరూ తడబడేది రోజుల వరసలోనే. డైవింగ్ చేశాక ఒంట్లో నైట్రోజన్ మిగిలిపోతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. అంతలోనే ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గి అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. అందుకే రోజుకు రెండు మూడు డైవ్‌లు గానీ, వరసగా కొన్ని రోజులు గానీ చేస్తే చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు. ఒక్కటే డైవ్ చేసినా 12 గంటలు ఆగాలి. ఈ మాట డైవ్ సెంటర్ వాళ్ళు ఎలాగూ చెప్తారు. కొండల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నువరెలియా 1,868 మీటర్ల ఎత్తులో ఉంది. సుమారు 600 మీటర్లు దాటి పైకి వెళ్తే శరీరానికి అది కూడా ఫ్లైట్ ఎక్కడం లాంటిదే. పొద్దున్న దక్షిణ తీరంలోని ఉనవటునలో డైవ్ చేసి మధ్యాహ్నం వ్యాన్‌లో కొండెక్కేవాళ్ళకి తాము చేస్తున్నది ఎంత ప్రమాదమో తెలియదు.

కాబట్టి మీరు ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా కొండలకే వెళ్ళండి. రెండు రాత్రులు అక్కడుండి, ఎల్లా అనే కొండ ఊరి మీదుగా దక్షిణానికి దిగండి. దిగిన మర్నాడు తెల్లవారుజామున మొదటి వేల్ బోటు. ఆ తర్వాత రెండు రోజులు డైవింగ్. రెండో రోజు మధ్యాహ్నానికల్లా చివరి డైవ్ ముగించేయండి. ఆ మర్నాడు పొద్దుటి దాకా ఎటూ ఫ్లైట్ ఎక్కకూడదు, ఆ ఉదయాన్ని రెండో వేల్ బోటుకు పెట్టుకోండి. రాత్రి ఫ్లైట్ అయితే మిరిస్సా నుంచి ఎయిర్‌పోర్టుకు ఎక్స్‌ప్రెస్‌వే మీద తాపీగా చేరొచ్చు.

తిమింగలాలకి రెండు పొద్దులు ఎందుకంటే, సముద్రం మన క్యాలెండర్ చూసుకుని నడవదు. ఒక పొద్దు గాలి ఎక్కువై బోట్లే వదలరు, ఇంకో పొద్దు అన్నీ బాగున్నా ఒక్కటీ కనిపించదు. ఒకే పొద్దు మీద గంపెడాశ పెట్టుకుని వెళ్ళి, కనిపించకపోతే బోటు నడిపే సరంగు మీద అరిచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా సంగతి చెప్తాను. నేను, మా ఆవిడ, మా బావమరిది వెళ్ళాం. ఇంకా చీకటి ఉండగానే హార్బర్ నుంచి బయల్దేరాం. తీరం సన్నని గీతలా మిగిలేసరికి దూరంగా కంటెయినర్ ఓడలు కనిపించడం మొదలైంది, ఒకదాని వెనక ఒకటి. సూయజ్ వైపు నుంచి మలక్కా వైపు వెళ్ళే ఓడల దారి అదే. మొదటి నీటి ధార కనపడగానే చుట్టుపక్కల బోట్లన్నీ అటే దూసుకెళ్ళాయి. మా సరంగు మాత్రం ఇంజన్ తగ్గించి, దూరంగానే ఆపేశాడు. పెద్దాయన, తల నెరిసింది, చేతిలో స్టీరింగ్ కదలట్లేదు. మా బోటులో సగం మంది ఒంటికాలి మీద లేచారు. "డబ్బులు కట్టాం, దగ్గరికి పోనీ" అని ఒకాయన పైడెక్ మీద నుంచి కేకలు. సరంగు వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్కటే అన్నాడు: "దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి."

ఆ మాటలో చాలా ఉంది. బ్లూ వేల్ లోతుకు వెళ్ళి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు కనిపించదు. పైకొచ్చాక ఒక్క ఊపిరితో సరిపెట్టుకోదు. కాస్త కాస్త ముందుకు జరుగుతూ, మళ్ళీ మళ్ళీ పైకి తేలుతూ, వరసగా కొన్నిసార్లు గాలి పీల్చుకుంటుంది. అప్పుడుగానీ మళ్ళీ లోతుకు దిగదు. బోట్లు చుట్టుముడితే ఆ ఊపిర్లు పూర్తి కాకుండానే మునిగిపోతుంది. ఆ మొదటిదానికి అదే జరిగింది. బోట్లన్నీ ఖాళీ నీళ్ళ చుట్టూ మిగిలిపోయాయి.

తర్వాత ఇంకొకటి పడమటి వైపు లేచింది. మా సరంగు దాని పక్కగా, చాలా ఎడంగా, అదే వేగంతో నడిపాడు. వెనక నుంచి తరమలేదు, ఎదురుగా అడ్డం పడలేదు. ముందు చప్పుడు వినపడింది, లారీ ఎయిర్ బ్రేకు వదిలినట్టు బరువుగా "ఫుస్స్" అని. ధార నిటారుగా లేచి గాలికి పక్కకు ఒరిగింది. తర్వాత వీపు. అది ఎంతకీ తరగదు. బూడిద కలిసిన నీలం మీద లేత మచ్చలు, నీళ్ళ కింద ఉన్న భాగం పాలపిట్ట రంగులో మెరుస్తోంది. వీపంతా జారిపోయిందనుకున్నాక ఎక్కడో వెనకాల చిన్న రెక్క. అంత ఒంటికి అంత చిన్న రెక్క ఏమిటని మా ఆవిడ పైకే అనేసింది. నాలుగైదు ఊపిర్లు వరసగా చూశాం. ప్రతిసారీ వీపు ఇంకాస్త ఎత్తుగా వంగుతోంది. చివరిసారి తోక మొత్తం పైకి లేచింది, అంచుల నుంచి నీళ్ళు కారాయి, నిలువునా దిగిపోయింది. ఇందాక కేకలేసిన పెద్దమనిషి వీడియో తీయడం కూడా మర్చిపోయాడు.

అది దిగింది ఓడల దారి వైపు. అటు నుంచే ఒక కంటెయినర్ ఓడ వస్తోంది. బైనాక్యులర్లు మా బావమరిది దగ్గరున్నాయి, వాడు మాట్లాడటం మానేశాడు. ఓడ దాటిపోయింది. అయినా ఏమీ లేదు. చాలాసేపటికి ఓడ వదిలిన నురుగుకి అవతల పల్చగా ఒక ధార లేచింది. సరంగు చూసి తలూపాడు. అది ఇందాకటిదేనా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

హిందూ మహాసముద్రాన్ని 1979లోనే అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ అభయారణ్యంగా ప్రకటించింది. అంటే వాణిజ్య వేట లేదు. ఓడలు గుద్ది చనిపోవడం మాత్రం ఆగలేదు. ఓడల దారిని కాస్త దక్షిణానికి జరిపితే చాలు, చాలా వాటి ప్రాణాలు దక్కుతాయి. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ తనంతట తానే తన ఓడల్ని ఇంకా దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. ఒక్క కంపెనీ చేయగలిగినప్పుడు మిగతావాళ్ళకి ఏం అడ్డం? ఈ ప్రశ్న ప్రతి టూరిస్టూ అడగాలి. సెలవులకి వెళ్ళినవాళ్ళం మనకెందుకులే అనుకుంటే కుదరదు, మనం డబ్బు పెట్టి చూడ్డానికి వెళ్ళేది వాటినే.

బోటు బుక్ చేసేటప్పుడు "గ్యారంటీగా దగ్గరికి తీసుకెళ్తాం" అన్నవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. అక్కడి నిబంధనల ప్రకారం బోటు 100 మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు. మీరు అడగాల్సింది ఎంత దూరంలో ఆపుతారని. జవాబు తడుముకోకుండా చెప్పినవాడితో వెళ్ళండి. తిమింగలంతో పాటు ఈదిస్తామని పక్కకు పిలిచి చెప్పేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ జోలికే పోవద్దు.

స్కూబా సంగతి. ఫిబ్రవరిలో మీకు హిక్కడువ, ఉనవటున, వెలిగామ దగ్గర్లో ఉంటాయి. మాల్దీవుల అంత తేట నీళ్ళు ఆశించకండి. ఇక్కడి గొప్పతనం రాతి దిబ్బలు, మునిగిన ఓడలు. హిక్కడువ దగ్గర 1903లో మునిగిన కాంచ్ అనే చమురు ఓడ మరీ లోతు కాదు, కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళకీ అందుతుంది. బట్టికలోవా దగ్గర మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక హెర్మిస్ గురించి చదివి ఉంటారు. విమానవాహక నౌకగానే డిజైన్ చేసిన తొలి ఓడ అది, 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు ముంచేశాయి. అది 50 మీటర్లు దాటిన లోతులో ఉంది. మామూలు డైవర్ల హద్దు 40 మీటర్లు కాబట్టి దాన్ని ఇప్పుడు తలుచుకోకండి. పైగా అది తూర్పు తీరం.

స్కూబాలో మొదటి సర్టిఫికెట్ ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు అక్కడే మొదటి నుంచీ చేస్తే మూడు నాలుగు రోజులు పోతాయి, మీ వారంలో సగం. పాఠాలు ఆన్‌లైన్‌లో, స్విమ్మింగ్ పూల్ భాగం వెళ్ళకముందే మీ ఊళ్ళో పూర్తి చేసుకుని కాగితం పట్టుకెళ్తే, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లే మిగులుతాయి, రెండు రోజుల్లో అయిపోతుంది. 18 మీటర్ల దాకా దిగొచ్చు. మెడికల్ ఫారంలో ఉబ్బసం, గుండె, చెవి సమస్యలు ఏమున్నా దాచకండి. జలుబు చేస్తే ఆ రోజు డైవ్ మానేయండి, ముక్కు దిబ్బడ వేసినప్పుడు చెవుల్లో ఒత్తిడి సర్దుబాటు కాదు, కర్ణభేరి దెబ్బతింటుంది. వాంతుల మాత్ర విషయంలోనూ జాగ్రత్త. వేల్ బోటుకైతే ఎక్కడానికి ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. కానీ వాటిలో చాలా మాత్రలు మత్తుగా ఉంచుతాయి, డైవ్ రోజున డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు.

నీళ్ళలో పగడాల మీద కాలు మోపకండి. పీజియన్ ఐలాండ్‌లో జనం నిలబడి నిలబడి ఎంత పగడం విరిగిపోయిందో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని తేలమంటే, వేళ్ళ మీద నిలబడి సెల్ఫీ దిగుతారు.

అమ్మగారి గురించి టెన్షన్ పడకండి. వేల్ బోటుకు పెద్దవాళ్ళే సరైనవాళ్ళు, వాళ్ళకి ఓపిక ఉంటుంది, గంటసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చోగలరు. పైడెక్ ఊగుడు ఎక్కువ, అక్కడికి ఎక్కించకండి. కింద డెక్‌లో, మధ్యకు కాస్త వెనగ్గా కూర్చోబెట్టండి. ఫోన్ చూడకుండా దూరంగా తీరం గీత మీదే చూపు పెట్టమనండి. ఖాళీ కడుపుతో వద్దు, పొట్ట నిండా తిని కూడా వద్దు. లైఫ్ జాకెట్ ఆవిడకి సరిపోయే సైజు ఉందా లేదా అని జెట్టీ మీదే వేసి చూడండి, బోటు కదిలాక అడిగితే ఉన్నదేదో తగిలిస్తారు. మీరు డైవ్‌కి వెళ్ళే రెండు పొద్దుల్లో ఆవిడతో ఎవరుంటారో మాత్రం ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి.