ఆరితేరిన పాత్రకు గండం ఎక్కడ పెట్టాలి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల చిత్తుప్రతి చదివాను. చివరి చదరంగం ఆటలో గ్రాండ్‌మాస్టరైన నీ నాయిక చేత కారణమేమీ లేకుండా మంత్రిని పోగొట్టించావు. ఆటగాళ్ల బలాన్ని కొలిచే రేటింగులో 2500 దాటిన మనిషి అలా ఆడితే, ఓడిస్తున్నది ఎదుటివాడు కాదు, రచయిత్రి అని పాఠకుడు కనిపెట్టేస్తాడు. ఆమె విద్య జోలికి పోకు. ఆ విద్యకు ఆసరాగా ఉన్నదాన్ని తీసేయి.

భారతంలో అభిమన్యుణ్ణి చూడు. పద్మవ్యూహం లోపల అతని విలువిద్య ఏమీ తగ్గలేదు. వ్యూహం ఛేదించడం వచ్చు, బయటపడటం రాదు. ఆ మాట అడుగుపెట్టక ముందే ధర్మరాజుతో తనే చెప్పాడు. వెనకే వస్తామన్న భీమాదులను సైంధవుడు వరబలంతో ఆపాడు. అర్జునుణ్ణి చావో రేవో అని ప్రతిజ్ఞ పట్టిన సంశప్తకులు దూరంగా లాక్కుపోయారు. పాఠకుడికి తోచే ప్రతి దారీ కళ్లముందే మూసుకుపోయింది. నువ్వూ ఒక్కో దారీ అలాగే మూయాలి.

నీ కథలో ఆసరా గడియారం. మొదటి 40 ఎత్తులకు 90 నిమిషాలు, తర్వాత మరో 30 నిమిషాలు, మొదటినుంచీ వేసిన ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు కలిసే పద్ధతి పెట్టుకో. 14వ ఎత్తు దగ్గర ఎదుటివాడు ఇంట్లో సిద్ధం చేసుకొచ్చిన కొత్త ఎత్తు వేయాలి. దానికి జవాబు వెతకడానికే ఆమెకు 35 నిమిషాలు పోవాలి. సరైన జవాబే దొరకనీ, కానీ ఆ బాకీ మిగిలిపోతుంది. 33 ఎత్తులయ్యేసరికి రెండే నిమిషాలు. ఇంకో ఏడు ఎత్తులు గట్టెక్కితే అరగంట చేతికొస్తుంది. అప్పుడు రెండు దారులు చూపించు: ఒకటి నిక్కచ్చిగా డ్రా, రెండోది గెలుపు, కానీ లెక్క చివరిదాకా చూసే వ్యవధి లేదు. డ్రా అయితే టైటిల్ పోతుందని ముందే తెలిసుండాలి. తొందరలో చెయ్యి ఏనుగు మీద పడిందా, తాకిన పావునే ఆడాలి. ఈ నియమం మూడో అధ్యాయంలోనే మామూలు సంగతిలా రానివ్వు, చివర్లో చెబితే అతుకు కనిపిస్తుంది.

చిత్తుప్రతిలో ఆమెకు పెట్టిన జ్వరం, కరెంటు పోవడం తీసేయి. అవి ఎవరికైనా వచ్చే కష్టాలు, ఆమెకే ప్రత్యేకం కావు. ఎదుటివాణ్ణి దుర్మార్గుణ్ణి చేయనక్కర్లేదు, బాగా సిద్ధపడి వస్తే చాలు.

రాశాక టోర్నమెంట్లు ఆడేవాళ్లకు ఆ స్థితి చూపించి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడుగు. నిమిషంలో సులువైన దారి చెప్పారంటే, ఆ దారి కూడా ఆమె చేత ప్రయత్నించి చూపించాలి. ముందు 14వ ఎత్తు ఘట్టం రాసి పంపు.

మీ పెద్దమ్మ