పాఠకుల ప్రశ్నలు: మూర్ల మీది రాళ్ళ సమాధులు

ఇంగ్లండులో చెట్లు లేని ఎత్తయిన బీడు నేలల్ని మూర్లు అంటారు. పైన హెదర్ పొదలు, కింద పీట్ అనే నల్లటి కుళ్ళిన మొక్కల పొర, పులుపెక్కిన (ఆమ్ల గుణమున్న) నేల. అక్కడి కంచుయుగపు రాళ్ళ కుప్పల గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవి జవాబులు.

ప్ర: నార్త్ యార్క్ మూర్స్ మీద నడుస్తుంటే ఎటు చూసినా రాళ్ళ కుప్పలే. అన్నీ సమాధులేనా? (ఒక పాఠకురాలు, లీడ్స్)

జ: కావు. ఎక్కువ భాగం పొలం కోసం ఏరి పోసిన రాళ్ళే. అక్కడి డాన్బీ రిగ్ అనే కొండ మీద ఇలాంటివి వందల్లో ఉన్నాయి. మూడు నాలుగు మీటర్ల అడ్డం, మోకాలెత్తు, అంచు ఒక తీరున ఉండదు, గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. సమాధి అనుకోదగ్గది సాధారణంగా ఇంతకంటే పెద్దది. కొండ అంచున ఒంటరిగానో, రెండు మూడు వరసగానో ఉంటుంది. చుట్టూ నిలబెట్టిన అంచు రాళ్ళుంటే అనుమానం బలపడుతుంది. అయినా చిన్న కుప్పల్లోనూ అప్పుడప్పుడు కాల్చిన ఎముకలు దొరికాయి కాబట్టి పైనుంచి చూసి తీర్పు చెప్పకూడదు.

నడినెత్తిన గిన్నెలా గుంట, ఒక పక్క విసిరేసిన రాళ్ళు కనిపిస్తే మాత్రం ఎవరో ముందే తవ్వేశారని అనుకోవచ్చు. 19వ శతాబ్దపు పాదిరీలకూ జమీందార్లకూ ఇదొక సరదా. కానన్ గ్రీన్‌వెల్ అనే పాదిరీ ఒక్కడే వందల దిబ్బలు తెరిచాడు.

ప్ర: శవం నడిమధ్యన ఉంటుందని తెలిసినప్పుడు నేరుగా అక్కడే తవ్వితే పోయేదేమిటి? (ఎం.ఏ. విద్యార్థి, హైదరాబాద్)

జ: నడిమధ్యన ఉంటుందని ఎవరు చెప్పారు? మొదటి సమాధి పక్కకు జరిగి ఉండొచ్చు. తర్వాతి తరాలవాళ్ళు అంచుల్లో గుంట తీసి కుండలు దింపి ఉండొచ్చు. కొన్ని వలయాకారపు కుప్పల్లో శవమే ఉండదు, బొగ్గు నింపిన గుంటలే ఉంటాయి. బావిలా దిగితే ఒక కుండ చేతికొస్తుంది, కుప్ప ఎన్ని విడతల్లో లేచిందో చెప్పే సాక్ష్యం పోతుంది. ఆ రెండోదే విలువైనదని మా అభిప్రాయం.

ముందు గడ్డిపెళ్ళలు అడుగు చదరాన కోసి, వేళ్ళు కిందికి ఉండేలా పేర్చి తడుపుతూ ఉంచాలి. తర్వాత కుప్పను తాళ్ళతో నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండింటిని ముందు తవ్వుతారు. మధ్యలో అర మీటరు వెడల్పున గట్టు వదులుతారు. ఈ రెండూ కుప్ప అడుగుభాగం దాకా దిగేసరికి రెండు దిక్కుల్లోనూ ఈ చివర నుంచి ఆ చివరకు నిలువుకోత కనిపిస్తుంది. దాన్ని 1:10 కొలతలో గీసుకున్నాకే మిగతా భాగాలు, ఆ తర్వాత గట్లు.

ఒక్కో వరస రాళ్ళనూ కదపకముందే ఫొటోలు తీసి, 1:20 పటం గీయాలి. విసిరిన రాయి ఎటు పడితే అటు ఉంటుంది. పేర్చిన రాయి తన పక్క రాయి మీద ఒరుగుతుంది. ఎత్తి పక్కన పెట్టాక ఈ తేడా ఎవరూ చెప్పలేరు. కుప్ప కింద చిక్కుకున్న పాత నేల దొరికితే రేకు డబ్బాను నిలువుకోతలోకి కొట్టి, మట్టిని కదలకుండా అలాగే తీస్తారు. అందులోని పుప్పొడి ఆనాడు అక్కడ అడవి ఉందో, మేత నేల ఉందో చెబుతుంది. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క వేళ్ళు దూరిన చోట ఆ మట్టిని నమ్మకండి. పైది కిందికీ కిందిది పైకీ చేరి ఉంటుంది.

చివర్లో జల్లెడ బట్టలాంటి జియోటెక్స్‌టైల్ పరిచి, రాళ్ళు తిరిగి పేర్చి, గడ్డి కప్పాలి. 19వ శతాబ్దపు పురావస్తు తవ్వకందారు పిట్-రివర్స్ తన తవ్వకాల అడుగున లోహపు బిళ్ళలు వేయించేవాడు, మళ్ళీ తవ్వేవాడికి తెలియాలని. ఈనాటికీ మంచి అలవాటే.

ప్ర: పులిసిన నేలలో ఎముక మిగలదంటారు కదా. మరి కాలం ఎలా కడతారు?

జ: కాల్చని ఎముక కరిగిపోతుంది. డార్ట్‌మూర్ అనే నైరుతి ఇంగ్లండు మూర్ మీద ఫెర్న్‌వర్తీ దగ్గర 1897లో తెరిచిన కుప్పలో కుండ, చెకుముకిరాతి కత్తి, లిగ్నైట్ బొత్తాం దొరికాయి గానీ మనిషి ఆనవాలు లేదు. తెల్లగా కాలిన ఎముక మాత్రం నిలుస్తుంది. ఎముక తెల్లబడాలంటే సుమారు 600 డిగ్రీలు దాటాలి. నల్లగా, నీలిబూడిదగా ఉన్న ముక్కలు చితి అక్కడ చాలినంత మండలేదని చెబుతాయి.

ఆ మట్టిని చిటికెడు వదలకుండా తీసుకెళ్ళి 10, 5, 2 మిల్లీమీటర్ల జల్లెడల్లో కడిగి, విడివిడిగా తూచాలి. వయసొచ్చిన ఒక మనిషి చితి నుంచి సుమారు కిలో నుంచి రెండున్నర కిలోల ఎముక రావాలి. మీ గుంటలో రెండు వందల గ్రాములే ఉంటే మొత్తం పూడ్చలేదేమో, పాత తవ్వకందారు ఎత్తుకెళ్ళాడేమో, గొర్రెలు, కుందేళ్ళు చెదరగొట్టాయేమో చూడాలి. 'పసివాడు' అని వెంటనే రాసెయ్యకూడదు. వయసు చెప్పాల్సింది పళ్ళ వేర్లు, ఎముకల అతుకులు.

రేడియో కార్బన్ పరీక్షకు (మిగిలిన కార్బన్‌ను బట్టి కాలం కట్టే పద్ధతి) పూర్తిగా తెల్లబడ్డ ముక్కనే పంపాలి. ఒక చిక్కుంది: కాలేటప్పుడు చితి కట్టెల్లోని కార్బన్ కొంత ఎముకలో చేరుతుంది. అందుకే పక్కనే దొరికిన సన్నని హేజెల్ రెబ్బ బొగ్గుకు కూడా కాలం కట్టి పోల్చుకుంటారు. ఓక్ చేవ పనికిరాదు. చెట్టు నరికేనాటికే ఆ చేవ వంద, రెండు వందల ఏళ్ళ పాతది కావచ్చు.

ప్ర: వైట్‌హార్స్ హిల్ తవ్వకానికి అంత పేరెందుకు?

జ: మిగలకూడనివి మిగిలాయి కనుక. డార్ట్‌మూర్‌లో సుమారు 600 మీటర్ల ఎత్తున, కోతకు గురవుతున్న పీట్ దిబ్బలోంచి ఒక రాతిపెట్టె బయటపడటం 2001లో గమనించారు. పీట్ ఎండిపోతే లోపలివి పాడైపోతాయని 2011లో తవ్వారు. నీరు నిండి గాలి ఆడని పీట్‌లో ఎముకను తినే ఆ పులుపే తోలును, వెంట్రుకను కాపాడింది. కాల్చిన ఎముకలు ఎలుగుబంటి తోలులో చుట్టి ఉన్నాయి. నెటిల్ అనే దురద పుట్టించే మొక్క నారతో నేసి తోలు అంచులు కుట్టిన పట్టీ, లైమ్ (నిమ్మ కాదు, లిండెన్) చెట్టు నారతో అల్లిన బుట్ట, ఆవు వెంట్రుకలు అల్లి తగరపు గుబ్బలు పొదిగిన కంకణం, రెండు వందలకు పైగా పూసలు బయటపడ్డాయి. కాలం సుమారు క్రీ.పూ. 1730–1600.

లోపలి మట్టిని గడ్డలుగానే ప్రయోగశాలకు తరలించి, అక్కడ తీరిగ్గా విప్పారు. కొండ మీది గాలికి, ఎండకు ఆ తోలు గంటల్లో ముడుచుకుపోయేది. ఇక పత్రికలు ఈ మనిషిని రాకుమారిని చేశాయి. ఎముకలు చెప్పింది మాత్రం పదిహేను, ఇరవై అయిదు ఏళ్ళ మధ్య వయసనే, ఆడా మగా తేలలేదు. పూసల్లో అంబర్ (గట్టిపడ్డ చెట్టు జిగురు) దూరం నుంచి వచ్చిందే. అయితే అది ఆ కుటుంబానికి ఎవరితో రాకపోకలుండేవో చెబుతుంది. సింహాసనం మాట అందులో లేదు.

ప్ర: మా ఊరి రాకాసి గుళ్ళు కూడా ఇవేనా? తవ్వి చూడొచ్చా? (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జ: రాళ్ళ వలయం, మధ్యన కుప్ప, కింద రాతిపెట్టె, చూపుకు ఒకటే. కాలం, జనం వేరు. మనవి ఎక్కువగా ఇనుపయుగానివి. ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు వాటి గుర్తులు. అనుమతి లేకుండా తవ్వకండి. విలువైనదేదైనా భూమిలో దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. మీరు చెయ్యదగ్గ పని ఒకటుంది: ఒక్కో వలయానికీ జీపీఎస్ గుర్తు, రెండు దిక్కుల్లో అడ్డం కొలత, అంచు రాళ్ళ లెక్క, పక్కన కొలబద్ద పెట్టి నాలుగు ఫొటోలు. క్వారీ వాళ్ళు రాకముందే ఈ కాగితం రాష్ట్ర వారసత్వ శాఖకు చేరేలా చూడండి.