పాత బోటుకి జైరో పెట్టించాలా?

ప్రశ్న: మాది 28 ఏళ్ల నాటి ఫైబర్ బోటు. పొడవు 9.5 మీటర్లు, వెడల్పు 3.4. డీజిలు, ఐసు, మనుషులు అందరితో 6 టన్నులు తూగుతుంది. ఒకే ఇంజను, 12 వోల్టుల కరెంటు, 80 ఆంపియర్ల ఆల్టర్నేటరు. ఎక్కువసేపు ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, బోటును నీటివాలుకి వదిలి గాలాలు వేస్తాం. అల పక్కనుంచి తగిలితే నిలబడలేకపోతున్నాం, కొత్తవాళ్లు వాంతులతో మూలన పడుకుంటున్నారు. జైరో స్టెబిలైజరు పెడితే ఊపు పోతుందంటున్నారు. యంత్రం, బిగింపు కలిపి ఖర్చు బోటు విలువలో సగం దాటుతోంది. పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మూడు పరీక్షలు చేయండి. మూడూ నెగ్గితే అప్పుడు నిరభ్యంతరంగా పెట్టించుకోవచ్చు, ఎందుకంటే ఆగి ఉన్న బోటులో ఊపు తగ్గించడానికి జైరోని మించింది లేదు. గాలి తీసేసిన గోళంలో బరువైన ఉక్కు చక్రం నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. బోటు పక్కకి ఒరగబోతే ఆ గోళం ముందుకో వెనక్కో వాలుతుంది. ఆ వాలులోంచి పుట్టే మెలి బలం ఒరుగుడుకి ఎదురు తిరుగుతుంది. వాలే వేగాన్ని హైడ్రాలిక్ బ్రేకులు అదుపులో ఉంచుతాయి.

మొదటి పరీక్ష బోటు నిలకడకి. జైరో ఊపుని అణుస్తుంది గానీ బోటుకి సొంతంగా నిలదొక్కుకునే శక్తిని ఇసుమంతైనా పెంచదు. పైగా ఒక హెచ్చరికను మూసేస్తుంది. బోటు పైబరువు పెరిగినప్పుడు, అడుగున నీళ్లు చేరినప్పుడు ఊపు నెమ్మదిస్తుంది. ఒక పక్కకి ఒరిగి, కాసేపు అక్కడే ఆగి, బద్ధకంగా లేస్తుంది. అనుభవమున్న సరంగు కాళ్లకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. జైరో తిరుగుతుంటే తెలియదు. అందుకే నిలకడ లెక్క తేలకుండా జైరో పెట్టడాన్ని మేము గట్టిగా వద్దంటాం.

లెక్క కష్టమేమీ కాదు. నీళ్లు కదలని చోట బోటు నిలిపి, తాళ్లు వదులు చేసి, మామూలుగా వేటకి వెళ్లే బరువంతా ఎక్కించండి. అడుగు నీళ్లు తోడేయండి. ఇద్దరు ముగ్గురు ఒక అంచున ఒకేసారి కిందికి తొక్కి వదిలేసి, మధ్యలోకి వచ్చి కదలకుండా కూర్చోవాలి. ఎడమ చివర నుంచి కుడి చివరకి వెళ్లి మళ్లీ ఎడమకి వస్తే ఒక ఊపు. అయిదు ఊపులకి పట్టిన సమయాన్ని 5తో భాగించండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి. బోటు వెడల్పును 0.8తో గుణించి, ఒక ఊపు సమయంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే మెటాసెంటర్ ఎత్తు, అంటే జీఎం, దాదాపుగా మీటర్లలో వస్తుంది. ఒరిగిన బోటు తిరిగి నిలదొక్కుకునే శక్తికి ఇదే కొలత.

మీ బోటుకి ఊపు 3.2 సెకన్లు వచ్చిందనుకోండి: 3.4 × 0.8 = 2.72, దాన్ని 3.2తో భాగిస్తే 0.85, దాని వర్గం 0.72 మీటర్లు. బాగుంది. అదే 4.6 సెకన్లు వస్తే జీఎం 0.35కి పడిపోయినట్టు. డెక్కు మూసి ఉన్న చేపల బోట్లకి అంతర్జాతీయ నియమాల్లో కనీసంగా చెప్పే అంకె అదే. అక్కడికి దగ్గరపడితే జైరో మాట పక్కన పెట్టి, టాపు మీదున్న బరువులు దించి, సర్వేయరును పిలవండి. 2.6 సెకన్ల కంటే తక్కువ వస్తే అది వేరే కథ: బోటు అతిగా బిగుసుకుని ఉంది, ఒక్కసారిగా విదిలిస్తోంది. మీవాళ్లు పడుకునేది ఈ విదిలింపుకే కావచ్చు.

ఇక్కడే ఒక మాట. చేపల్ని బతికించే నీళ్ల తొట్టి సగం నిండి ఉంటే అందులో నీళ్లు పక్కకి పరుగెత్తి జీఎంని తినేస్తాయి. 1.2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టి 6 టన్నుల బోటులో దాదాపు 0.14 మీటర్లు మింగేస్తుంది. తొట్టి మధ్యలో బోటు పొడవునా ఒక నిలువు పలక బిగించి రెండు గదులు చేస్తే ఆ నష్టం నాలుగో వంతుకి తగ్గుతుంది. పలకకయ్యే ఖర్చెంత, దక్కే లాభమెంత!

రెండో పరీక్ష బోటు ఎముకలకి, అంటే అడుగున పొడుగునా ఉండే స్ట్రింగర్లకి. ఆ వయసు బోట్లలో చాలావాటికి స్ట్రింగరు లోపల చెక్కే. పైన ఫైబర్ తొడుగు. జైరో అణిచే బలమంతా దాని కాళ్ల గుండా ఈ స్ట్రింగర్లలోకే దిగుతుంది. గరిష్ఠ మెలి బలం 8,000 న్యూటన్ మీటర్లు, కాళ్ల వరసల మధ్య దూరం 0.6 మీటర్లు అనుకుందాం. ఒక్కో వరస మీద 13,300 న్యూటన్లు పడుతుంది. అంటే దాదాపు 1,350 కిలోల బరువు ఒక పక్క పైకి గుంజుతుంటే రెండో పక్క కిందికి తొక్కుతుంది, మరుక్షణం తారుమారు. ఊపుకి 3.2 సెకన్ల చొప్పున 8 గంటల వేటలో ఇది 9,000 సార్లు. ప్రతిసారీ గరిష్ఠానికి చేరకపోవచ్చు, అయినా కుళ్లిన చెక్కలో బోల్టు రంధ్రం గుడ్డు ఆకారానికి సాగడానికి ఒక సీజను చాలు.

చిన్న ప్లాస్టిక్ సుత్తితో స్ట్రింగరు పొడవునా బెత్తెడు బెత్తెడుకి తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఠంగుమంటుంది, తొడుగు ఊడిన చోట బొదబొదమంటుంది. తరవాత 5 మి.మీ. డ్రిల్లుతో మూడు చోట్ల తొడుగు దాటి చెక్క దాకా వెళ్లండి: ఇంజను మౌంటు బోల్టు పక్కన, నీరు పారడానికి స్ట్రింగరుకి వేసిన కన్నం దగ్గర, వెనక పలకను కలిసే చోట. బిట్టు గాడిలో వచ్చే పొట్టు చూడండి. లేత రంగులో పొడిగా రాలితే చెక్క బాగుంది. కాఫీ పొడి రంగులో, వేళ్ల మధ్య ముద్దయి పుల్లటి వాసన వేస్తే కుళ్లింది. కన్నాలు అదే రోజు ఎపాక్సీతో పూడ్చండి. కుళ్లు ఉంటే పాత చెక్క తీసి కొత్త కోర్ పెట్టి, ఫైబర్ అతుకు అంచుని మందానికి 12 రెట్ల దూరం ఏటవాలుగా రుద్ది పొరలు వేయాలి. ఈ పని జైరో పెట్టినా పెట్టకపోయినా చేయించాల్సిందే. డబ్బు ముందు దీనికే వెళ్లాలి.

మూడోది కరెంటు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. మీరు కొనే యంత్రం కాగితంలో వేగం అందుకునేటప్పుడు 90, తరవాత 50 ఆంపియర్లు రాసి ఉందనుకోండి. మీ ఆల్టర్నేటరు మీద 80 అని ఉన్నా, ఇంజను ఖాళీ వేగంలో వేడెక్కి ఉన్నప్పుడు సగం ఇస్తే గొప్ప, అంటే 40. ఫిష్ ఫైండరు, పంపు, లైట్లకి 20 పోతుంది. కావలసింది 70, వస్తున్నది 40. గంటకి 30 ఆంపియర్ అవర్లు బ్యాటరీ నుంచి లాగుతున్నట్టు. 200 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగం కాబట్టి మూడు గంటలకి వోల్టేజి పడిపోయి జైరో తనంతట తాను ఆగుతుంది. మీకు కావలసింది ఇంజను న్యూట్రల్‌లో ఉన్నప్పుడే గదా! కాబట్టి పెద్ద ఆల్టర్నేటరు తప్పదు. 100 ఆంపియర్లు దాటితే ఒంటి వీ-బెల్టు జారి, నల్ల పొడి రాలుస్తూ కాలిపోతుంది. పుల్లీలతో సహా, చాలా గాడులున్న వెడల్పాటి బెల్టుకి మారాలి. తీగ కూడా లెక్కలోదే: బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్లు. 35 చదరపు మి.మీ. రాగి తీగలో 90 ఆంపియర్లకి 0.45 వోల్టులు పోతాయి, 50 చదరపు మి.మీ. తీగలో 0.32. నష్టం 3 శాతం లోపు ఉండాలి కాబట్టి 50 వేయండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

మూడూ నెగ్గాయా? అయినా వెంటనే అడ్వాన్సు ఇవ్వకండి. యంత్రం 260 కిలోలైతే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 13 తెచ్చి, జైరో కూర్చునే చోటే కదలకుండా కట్టి, నిండు బరువుతో ఒక రోజు వేటకి వెళ్లండి. వెనక డెక్కు నీరు బయటికి పోయే కన్నాలు నీటిమట్టానికి ఎంత పైన ఉన్నాయో, వేగం ఎంత తగ్గిందో చూడండి. డెక్కు మీదికి నీళ్లు వెనక్కి తన్నుతుంటే చోటు మార్చాలి. జైరో ఇచ్చేది మెలి బలం మాత్రమే కాబట్టి అది సరిగ్గా మధ్య గీత మీదే ఉండనవసరం లేదు. పక్కకి పెడితే బరువు సమతూకం చూసుకుంటే చాలు. ముక్కు వైపు మాత్రం వద్దు, అలల మీద దబదబ కొట్టుకునే చోట బేరింగులు దెబ్బతింటాయి.

జైరో సైజు తేల్చడానికి అమ్మేవారికి బోటు ఖాళీ బరువు ఇవ్వకండి, వేట ముగించి చేపలతో తిరిగొచ్చే బరువు ఇవ్వండి. చిన్నది కొంటే పెద్ద అలకి గోళం చివరిదాకా వాలిపోతుంది, ఇంకా వాలడానికి చోటుండదు. జైరో సాయం సరిగ్గా కావలసిన అలకే చాలకుండా పోతుంది.

ప్రశ్న: జైరో ఉంటే ఎదురు అలలకి ముక్కు లేచిపడటం కూడా తగ్గుతుందా? బోటు తిరగబడకుండా కాపాడుతుందా?

జవాబు: రెండింటికీ లేదనే జవాబు. అది పక్క ఊపుకి మాత్రమే. ముక్కు లేచిపడటం, బోటు మొత్తం పైకీ కిందికీ పోవడం అలాగే ఉంటాయి. వల ఒక పక్క అడుగున తగులుకుని బోటును లాగేస్తుంటే, మనుషులంతా ఒకే అంచుకి చేరితే, జైరో ఆపలేదు. ఆగకుండా ఒకే వైపు పడే బరువుకి గోళం వాలి వాలి చివరికి చేరి నిలిచిపోతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజు జైరో ఉందన్న ధైర్యంతో వెళ్లకండి.

ప్రశ్న: మాది 14 మీటర్ల చెక్క ట్రాలరు, వేగం 8 నాట్లు దాటదు. అంత ఖర్చు పెట్టలేం. వేరే దారులేమున్నాయి?

జవాబు: మీ బోటుకి ముందుగా బిల్జ్ కీల్సే చెబుతాం. బోటు అడుగు, పక్క కలిసే వంపు దగ్గర రెండు వైపులా బిగించే పొడుగాటి రెక్కలివి. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ 1870ల మొదట్లో గ్రేహౌండ్ అనే నౌకకి వీటిని కట్టి, లేని నౌక పక్కన నిలబెట్టి, ఊపు ఎంత తగ్గుతుందో చూపించాడు. కదిలే భాగాలు లేవు, కరెంటు అక్కర్లేదు. పొడవు నీటిగీతలో మూడో వంతు నుంచి సగం దాకా ఉండొచ్చు. రెక్క అంచు బోటు వెడల్పునీ, అడుగున వెన్నెముకలా ఉండే కీల్‌నీ దాటి బయటికి రాకూడదు, లేకపోతే జెట్టీకో నేలకో తగిలి విరుగుతుంది. నీరు పారే దారిలోనే రెక్క ఉండాలి. అడ్డం తిరిగితే డీజిలు తాగుతుంది. చెక్క బోటులో పలకకి నేరుగా కొట్టకండి. లోపలి పక్కటెముకలకి పట్టేలా బోల్టులు వేసి, రెక్కను మాత్రం కాస్త బలహీనంగా కట్టాలి. దెబ్బ తగిలితే రెక్క ఊడిపోవాలి గానీ పలక చీలకూడదు.

అది చాలకపోతే పారావేన్లు. రెండు పక్కలా బూములు, అంటే పొడుగాటి వాసాలు చాచి, గొలుసుతో 4–5 మీటర్ల లోతున బరువైన రెక్కల్ని లాగడం. బాగా పనిచేస్తాయి. కానీ బూము మొదట్లో పడే బలానికి డెక్కు కింద దన్ను కావాలి. లోతు తక్కువ చోట అడుగుకి తగులుతాయి, వల లాగేటప్పుడు అడ్డమే. ఒక పక్కది తెగితే బోటు రెండో పక్కకి ఒరుగుతుంది. అప్పుడు వేగం తగ్గించి, ముక్కు అలకి ఎదురుగా తిప్పి, మిగిలినదాన్ని పైకి లాగేయాలి. ఈ పనిని మంచి వాతావరణంలో కలాసీలతో రెండుసార్లు చేయించి చూడండి.

ప్రశ్న: వాడిన జైరో తక్కువకి వస్తోంది. కొనవచ్చా?

జవాబు: గోళాన్ని బోటు మీద విప్పి బాగుచేయలేరు. లోపల గాలి చేరినా, బేరింగు పోయినా ఫ్యాక్టరీకే పంపాలి. కాబట్టి అమ్మేవారి బోటు మీదే, చల్లగా ఉన్న యంత్రాన్ని మీ కళ్ల ముందు తిప్పించండి. గంటల మీటరు చూసి, తెర మీద పాత లోపాల జాబితా ఫొటో తీసుకోండి. పూర్తి వేగానికి చేరడానికి తయారీదారు చెప్పిన సమయంకన్నా ఎక్కువ పడితే, పూర్తి వేగంలో కరెంటు ఎక్కువ లాగుతుంటే, గోళంలో గాలి చేరిందనో బేరింగు బిగుస్తోందనో అనుమానించాలి. హైడ్రాలిక్ సిలిండరు కడ్డీల మీద నూనె చెమ్మ ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. చల్లబరిచే ఉప్పునీటి దారిలో తుప్పు పట్టకుండా పెట్టే జింకు ముక్కలు పూర్తిగా అరిగి ఉంటే యజమాని మిగతా సర్వీసు కూడా వదిలేశాడనే లెక్క.

మీ బోటులో బిగించేటప్పుడు ఉప్పునీటి పంపు నీటిగీతకి కిందే ఉండాలి. ఈ రకం పంపులు చాలావరకు గాలిని లాగలేవు. పైన పెడితే బోటు ఒక్కసారి గట్టిగా ఎగిరినా గాలి చిక్కి నీరు ఆగిపోతుంది, జైరో వేడెక్కి ఆగుతుంది. స్ట్రెయినరు జల్లెడ చేయి అందే చోట పెట్టించండి, నాచు పట్టేది ముందు అదే. ఆపాక చక్రం పూర్తిగా నిలవడానికి గంటలు పడుతుంది, అంతవరకు ఎవరినీ దాని మీద చెయ్యి పెట్టనివ్వకండి.