తప్పుడు పాస్‌వర్డులు పదిసార్లు కొట్టినా ఫెయిల్‌టూబ్యాన్ ఎందుకు అడ్డుకోవడం లేదు?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. అద్దెకు తీసుకున్న మీ సర్వర్‌లో, పదేపదే తప్పుడు లాగిన్‌లు చేసే చిరునామాను కొంతకాలం అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ అనే ప్రోగ్రాం పెట్టారు. అది పనిచేస్తోందో లేదో చూడటానికి తప్పుడు పాస్‌వర్డుతో పదిసార్లు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ చేసే బాష్ స్క్రిప్టు (వరుసగా నడిచే ఆదేశాల ఫైలు) రాశారు. అది ప్రతిసారీ పాస్‌వర్డు అడిగి ఆగిపోతోంది, పైపు ద్వారా (మరో ఆదేశం నుంచి అందించి) పంపినా తీసుకోవడం లేదు. చివరికి సర్వర్‌లోనే ఉండి లోకల్‌హోస్ట్‌కు, అంటే ఆ సర్వర్‌కే, చేత్తో కొట్టి చూశారు. అప్పుడూ నిషేధం పడలేదు. లోపం దేనిది అని అడిగారు.

ఈ రెండు చోట్లా నేనూ ఆగిపోయినవాడినే. మీ ఫెయిల్‌టూబ్యాన్‌లో లోపం ఉందని ఇంకా అనుకోవద్దు. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డును పైపు నుంచి చదవదు, నేరుగా టెర్మినల్‌ను (ఆదేశాలు టైపు చేసే చోటును) తెరిచి అడుగుతుంది. అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌పాస్ అనే చిన్న ప్రోగ్రాం వాడతాం. అది ఒక నకిలీ టెర్మినల్‌ను సృష్టించి మన బదులు జవాబిస్తుంది. 1990 నుంచీ ఉన్న ఎక్స్‌పెక్ట్ అనే ప్రోగ్రాంతోనూ ఈ పని అవుతుంది కానీ, ఇంత చిన్న పరీక్షకు అంత అవసరం లేదు. ఇక లోకల్‌హోస్ట్ సంగతి. సర్వర్ సొంత చిరునామాలను ఫెయిల్‌టూబ్యాన్ మామూలుగా లెక్కలోకే తీసుకోదు. ఇంట్లోవాళ్లు తలుపు తడితే దొంగ అని కేకలు వేయకూడదు కదా. పరీక్ష బయటి నుంచే జరగాలి.

బయట అంటే ఎక్కడ నుంచి అన్నది చాలా ముఖ్యం. మూడేళ్ల కిందట ఒక చిన్న సంస్థ సర్వర్‌కు ఇదే పరీక్ష మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి చేశాను. ఒక విండోలో స్క్రిప్టు నడుస్తోంది, పక్క విండోలో అదే సర్వర్ లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) కదులుతోంది. ఐదో తప్పు నమోదైంది. ఆరో ప్రయత్నానికి కనెక్షన్ తిరస్కరించినట్టు వచ్చింది. సంతోషంగా పక్క విండోకు వెళ్లి కీబోర్డులో ఒక మీట నొక్కాను. అక్షరం పడలేదు. మళ్లీ నొక్కాను. కర్సర్ ఉన్నచోటే ఉంది. నిషేధం పడింది స్క్రిప్టు మీద కాదు, మా ఇంటి ఐపీ చిరునామా మీద. ఫైర్‌వాల్ (కనెక్షన్లను వడపోసే రక్షణ) నియమం అన్నిటికంటే పైన చేరుతుంది కాబట్టి అప్పటికే తెరిచి ఉన్న నా కనెక్షన్ కూడా అక్కడే తెగిపోయింది. నా దగ్గర సరైన లాగిన్ కీ (పాస్‌వర్డుకు బదులు వాడే రహస్య ఫైలు) ఉన్నా లాభం లేదు, ఫైర్‌వాల్ కీలను చూడదు. పైగా నిషేధ కాలం ఒక రోజు అని నేనే పెట్టి ఉన్నాను. ఫోను హాట్‌స్పాట్ పెట్టి వేరే చిరునామాతో లోపలికి వెళ్లి, ఫెయిల్‌టూబ్యాన్ క్లయింట్‌లో అన్‌బ్యాన్ ఆదేశం ఇచ్చాక ఊపిరి పీల్చుకున్నాను. అప్పటి నుంచి పరీక్షకు ఒక దారి, నా పనికి మరో దారి. మీరు కూడా సర్వర్ అద్దెకిచ్చినవారి వెబ్ కన్సోల్‌లో (బ్రౌజర్ నుంచే సర్వర్‌ను నడిపే పేజీలో) లాగిన్ అవుతుందో లేదో ముందే చూసుకోండి.

స్క్రిప్టులో ఏముండాలంటే: ఆరేడు సార్లు తిరిగే లూప్, ప్రతి ప్రయత్నానికీ మధ్య రెండు సెకన్ల విరామం, ప్రతిసారీ సమయాన్నీ ఎగ్జిట్ కోడ్‌నూ (ఆదేశం ఎలా ముగిసిందో చెప్పే అంకెను) రాసే ఒక పంక్తి. విరామం ఎందుకంటే ఫెయిల్‌టూబ్యాన్ లాగ్ చదివి స్పందించడానికి కాస్త సమయం పడుతుంది. ఆగకుండా కొడితే ఏడెనిమిది ప్రయత్నాలు జారిపోతాయి, అది చూసి రక్షణ లేదని భ్రమపడతాం. పరీక్షలో కీ లాగిన్‌ను ఆపేసి పాస్‌వర్డు పద్ధతి ఒక్కటే వాడమని ఎస్‌ఎస్‌హెచ్‌కు చెప్పండి. లేకపోతే మీ ఏజెంట్‌లో (కీలను దాచి అందించే ప్రోగ్రాంలో) ఉన్న కీలన్నీ ముందు వరుసగా వెళ్తాయి, ఒక్కొక్కటీ ఒక విఫల ప్రయత్నమే. సర్వర్ మామూలు పరిమితి 6 కాబట్టి, పాస్‌వర్డు వంతు రాకముందే బయటకు నెట్టేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎగ్జిట్ కోడ్‌లను చదవడం వస్తే సగం పని అయినట్టే. ఎస్‌ఎస్‌హెచ్‌పాస్‌లో 5 అంటే పాస్‌వర్డు తప్పు, 6 అంటే సర్వర్ హోస్ట్ కీ (దాని గుర్తింపు) మీ కంప్యూటర్‌కు ఇంకా పరిచయం లేదు (ముందొకసారి చేత్తో కనెక్ట్ అవ్వండి). 255 అంటే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షనే విఫలమైంది. మామూలు సెట్టింగులలో పది నిమిషాల్లో 5 తప్పులకు పది నిమిషాల నిషేధం పడుతుంది. కాబట్టి మీకు కనిపించవలసింది 5, 5, 5, 5, 5, ఆ తర్వాత 255. మొదటి నుంచీ 255 వస్తుంటే సర్వర్‌లో పాస్‌వర్డు లాగిన్ మూసి ఉందేమో చూడండి. ఐదు ప్రయత్నాలు పూర్తికాకముందే 255 వస్తే అది ఫెయిల్‌టూబ్యాన్ పని కాకపోవచ్చు. 2024లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ను నడిపే ప్రోగ్రాం) 9.8 నుంచి, తప్పులు చేసే చిరునామాను సర్వర్ తనంతట తానే కొద్దిసేపు దూరం పెడుతోంది. అందుకే స్క్రిప్టు మాట ఒక్కటే నమ్మను. సర్వర్ లాగ్‌లో నా ప్రయత్నాలు ఎన్ని పడ్డాయి, ఫెయిల్‌టూబ్యాన్ స్థితిలో నా చిరునామా ఉందా అన్నవి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

లాగ్‌లో పడినా ఫెయిల్‌టూబ్యాన్ లెక్కలో సున్నా ఉంటే, అది చూస్తున్న చోటు వేరు. 2023లో వచ్చిన డెబియన్ 12 అనే లినక్స్‌లో, లాగ్ ఫైళ్లు రాసే ఆర్‌సిస్‌లాగ్ తనంతట తాను ఇన్‌స్టాల్ కాదు, కాబట్టి లాగిన్‌లు నమోదయ్యే పాత ఆథ్ లాగ్ ఫైలే ఉండదు. ఫెయిల్‌టూబ్యాన్ సెట్టింగులు ఉండే జైల్ లోకల్ ఫైలులో బ్యాకెండ్‌ను (లాగ్ ఎక్కడి నుంచి చదవాలో చెప్పే విలువను) సిస్టమ్‌డీగా మార్చండి.

ఇది నెగ్గాక ఒక నిదానమైన పరీక్ష కూడా చేయండి, చాలామంది దీన్ని వదిలేస్తారు. మూడు నిమిషాలకు ఒక్క తప్పు చొప్పున అరగంట కొట్టండి. ఏ పది నిమిషాల్లోనూ ఐదు తప్పులు చేరవు, నిషేధం పడదు. నిజంగా దాడి చేసే బాట్‌లలో ఇలా ఓపికగా కొట్టేవీ ఉన్నాయి, వందల చిరునామాల నుంచి ఒక్కొక్కటి కొట్టేవీ ఉన్నాయి. లెక్కించే వ్యవధిని గంటకో రోజుకో పెంచితే కొంత మేలు. కానీ నా అభిప్రాయంలో పాస్‌వర్డు లాగిన్‌ను పూర్తిగా మూసేసి కీలతో మాత్రమే రానివ్వాలి, ఫెయిల్‌టూబ్యాన్ లాగ్‌లో రొద తగ్గించడానికి పనికొస్తుంది.

ఈ స్క్రిప్టును మీది కాని సర్వర్ మీద, స్నేహితుడిదైనా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా నడపవద్దు. దురుద్దేశంతో అనధికారంగా చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పాస్‌వర్డు లాగిన్ మూశాక అదే స్క్రిప్టును ఒక్కసారి మళ్లీ నడపండి. మొదటి ప్రయత్నమే 255 రావాలి. 5 వస్తే మీరు మార్చిన ఫైలు చెల్లుబాటు కాలేదన్నమాట. క్లౌడ్ సర్వర్లలోని ఉబుంటు లినక్స్‌లో, ఎస్‌ఎస్‌హెచ్ అనుబంధ సెట్టింగుల ఫోల్డర్‌లో క్లౌడ్ ఇనిట్ పేరుతో ఉండే చిన్న ఫైలు పాస్‌వర్డు లాగిన్‌ను తెరిచి ఉంచవచ్చు. సర్వర్ ముందుగా చదివిన విలువనే పాటిస్తుంది, కాబట్టి ఆ ఫైలులోనే మార్చి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి.