బీహార్ కూలీలు రాకపోతే నాటు మిషన్లు వస్తాయా?

వరి నాట్లకు వచ్చే బీహార్ కూలీలను ఆపేస్తే రైతులు నాటు మిషన్లకు మారతారు, మన కూలీలకూ రేటు పెరుగుతుంది అంటున్నారు, నిజమేనా అని అడిగారు. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మాది వరి సాగే, నాకు తెలిసినంతలో మొదటిది సగం నిజం, రెండోది నేను నమ్మను.

కోత మిషన్ మా ఊరికి వచ్చేనాటికి ఊళ్లో కూలీలకు కొదవ లేదు. అయినా నిలబడింది, ఎందుకంటే దాని కోసం రైతు పెద్దగా మార్చుకోవాల్సింది లేదు, గంట లెక్కన కిరాయి కడితే చాలు, ఓనరు కూడా ఇక్కడ కోతలైపోగానే లారీ మీద ఇంకో జిల్లాకు తీసుకెళ్లి అప్పు తీర్చుకుంటాడు. నాటు మిషన్ అలా కాదు. నారు ట్రేలలో పెంచాలి, లేతగా ఉన్నప్పుడే నాటాలి, మడి చదునుగా ఉండాలి, నీళ్లు పలచగా ఉండాలి. కాలువ నీళ్లు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, మిషన్‌కు పనికిరాదు. బీహార్ ముఠా అయితే ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుని ఆ ముదురు నారే నాటేస్తుంది. నాట్ల టైంలో ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

కూలి రేటు మాటకొస్తే, మెక్సికో నుంచి పొలం పనులకు కూలీలను తెచ్చుకునే ఒప్పందాన్ని, అదే బ్రసేరో, అమెరికా 1942లో మొదలుపెట్టి 1964 చివర్లో ఆపేసింది. స్థానికులకు కూలి పెరుగుతుందనే ఆశ. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే ఆ కారణంగా పెరిగినట్టు కనబడలేదు. కాలిఫోర్నియాలో ఫ్యాక్టరీకి పోయే టమాటాకు కోత మిషన్, దాని దెబ్బకు చితకని గట్టి రకం రెండూ డేవిస్ యూనివర్సిటీలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి, కొన్నేళ్లలోనే దాదాపు పంటంతా మిషన్ కిందికి పోయింది. మిషన్ లేని కొన్ని పంటల ఉత్పత్తి పడిపోయింది.

ఇక్కడ నాట్లకు మనుషులు దొరక్కపోతే నాటు మిషన్ కొనేవాళ్లు తక్కువే, చాలామంది వడ్లు వెదజల్లుతారు, కలుపు మందు కొడతారు. అప్పుడు ఊరి ఆడవాళ్లకు నాటు కూలీ, కలుపు కూలీ రెండూ పోతాయి. కోత మిషన్ వచ్చినప్పుడు పోయింది కూడా వాళ్ల పనే, అప్పుడూ ఎవరూ అడగలేదు, నాకు అదే బాధ. బొంబాయి దాకా వలస పోయిన ఉమ్మడి పాలమూరు జిల్లా పక్కనే ఉండి, పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లను తిట్టడం నావల్ల కాదు.

నాటు మిషన్ కావాలంటే ఒకే తూము కింది రైతులంతా కలిసి ఒకేసారి ట్రే నారు పోయాలి, ఆ నారు పెంచే పని, మిషన్ కిరాయి రెండూ ఊరి మహిళా సంఘానికే ఇవ్వాలి.