తాతగారి డబుల్ బ్యారెల్‌తో ట్రాప్ మొదలుపెట్టొచ్చా, ఓవర్ అండర్ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: తాతగారి పన్నెండు బోరు సైడ్ బై సైడ్ (పక్కపక్కనే రెండు గొట్టాలున్న తుపాకీ) ఇంట్లో ఉంది, మట్టి పావురాల షూటింగ్, అంటే ట్రాప్, నేర్చుకోవాలని ఉంది, ఆ తుపాకీ సరిపోతుందా లేక ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్నది) కొనాలా, సెమీ ఆటో (తర్వాతి తూటా దానంతటదే ఎక్కేది) అయితే మాటిమాటికీ ఇరుక్కుంటుందని ఎవరో అన్నారు, అది నిజమేనా అని. నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ట్రాప్ ఆడుతున్నాను, ఇప్పటికి మూడు తుపాకులు మార్చాను, అందులో ఒకదాని వల్ల ఒక పోటీలో బాగా దెబ్బతిన్నాను, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నా జవాబు ఓవర్ అండర్. సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, కానీ మీ ఒంటికి సరిపోవాలి, విడిభాగాలు దొరకాలి. అది కూడా ఇప్పుడే వద్దు. ఒక ఆరు నెలలు క్లబ్ తుపాకీతో ఆడండి, ఆ తర్వాత కొనండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న కింద బాల్కనీలో పావురాల బాధ పడలేక అడిగేవాళ్లు కూడా వస్తుంటారు. ఊళ్లో తుపాకీ పేల్చడం నేరం, వేటకి 1972 వన్యప్రాణి చట్టంతోనే కాలం చెల్లింది, దయచేసి ఆ ఆలోచన పెట్టుకోవద్దు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో నిజంగానే ప్రాణమున్న పావురాల్ని ఎగరేసి కాల్చారు. ఇప్పుడు మనం కాల్చేది యంత్రం గాల్లోకి విసిరే 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువున్న చిన్న పళ్లెం. పేరుకే మట్టి, నిజానికి తారులాంటి పిచ్, సున్నపురాయి పొడి కలిపి పోసింది. పేరులో పావురం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక తాతగారి తుపాకీ. దాన్ని ముట్టుకునే ముందు లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. తాతగారు లేకపోతే, ఆ లైసెన్స్ మీ నాన్నగారి పేరు మీదకో మీ పేరు మీదకో మారకపోతే, ఆ తుపాకీ ఇంట్లో ఉండటమే తప్పు అవుతుంది. వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని, వారసత్వం కింద లైసెన్స్‌కి అప్లై చేయండి. మా బంధువుల్లోనే ఒకాయన "ఇంట్లో వస్తువే కదా" అని నాలుగేళ్లు బీరువాలో పెట్టుకుని, తర్వాత చాలా తిరగాల్సి వచ్చింది.

లైసెన్స్ సరిగ్గా ఉంటే, తుపాకుల పని తెలిసిన మనిషికి చూపించి ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) కొలిపించండి. పాత తుపాకుల్లో చాలావాటికి ఛాంబర్ 65 మిల్లీమీటర్లే ఉంటుంది, ఇప్పుడు దొరికే కార్ట్రిడ్జ్‌లు (తూటాలు) ఎక్కువగా 70. ఇక్కడే చాలామంది మోసపోతారు: పొడవు కార్ట్రిడ్జ్ ఆ పొట్టి ఛాంబర్‌లో చక్కగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా, కానీ పేలినప్పుడు కార్ట్రిడ్జ్ మూతి విచ్చుకోవడానికి చోటు లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. అలాగే గొట్టం మీద నీళ్ల అలల్లాంటి చారలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం, నల్ల తుపాకీమందు కాలం నాటిది. దాన్ని ఇప్పటి కార్ట్రిడ్జ్‌తో పేల్చకండి. గోడకి తగిలించుకోండి, అదీ లైసెన్స్ ఉంటేనే.

ఈ రెండు లోపాలూ లేకపోయినా సైడ్ బై సైడ్ ట్రాప్‌కి ఇబ్బందే. బరువు తక్కువ కాబట్టి భుజానికి గట్టిగా తంతుంది. ట్రాప్‌లో ఒక రౌండ్‌కి 25 పళ్లేలు, ఒక్కోదానికి రెండు షాట్లు కొట్టొచ్చు, అంటే రౌండ్‌కి 50 కార్ట్రిడ్జ్‌ల దాకా. మూడో రౌండ్‌కి వచ్చేసరికి మీకు తెలియకుండానే చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక చెక్క) మీద నుంచి లేపేస్తారు, అక్కడి నుంచి అన్నీ మిస్సే. దానికి తోడు పక్కపక్కనే రెండు గొట్టాల వల్ల కంటి ముందు వెడల్పుగా ఇనుము కనిపిస్తుంది, పైకి లేచే పళ్లెం దాని వెనక దాక్కుంటుంది. కానీ నమ్మకం విషయంలో మాత్రం ఆ పాత తుపాకీని తక్కువ చేయను. రెండు ట్రిగ్గర్లు, రెండు గొట్టాలకి వేర్వేరు మెకానిజం. ఒకటి పేలకపోతే వేలు రెండోదాని మీదకి వెళ్తుంది, అంతే.

ఆ విలువ నాకు తెలిసిన రోజు చెప్తాను. నా రెండో తుపాకీ ఓవర్ అండర్, పెద్ద పేరున్నది, సెకండ్ హ్యాండ్. అమ్మినాయన "ఫుల్ సర్వీసింగ్ చేయించాం సార్" అన్నాడు, నేను నమ్మాను. ఆగస్టులో ఒక ఆదివారం, పొద్దున వాన పడి ఆగింది, రాష్ట్ర స్థాయి పోటీ, మూడో స్టేషన్‌లో నిల్చుని, పళ్లెం వదలమని "పుల్" అన్నాను. పళ్లెం ఎడమకి లేచింది, ట్రిగ్గర్ నొక్కితే టిక్ అని చిన్న చప్పుడు. మళ్లీ నొక్కాను, ఈసారి ఆ చప్పుడు కూడా లేదు, ట్రిగ్గర్ ఖాళీగా ఊగింది. రూల్ ప్రకారం తుపాకీ తెరవకుండా, గొట్టం ముందుకే పెట్టి చెయ్యెత్తి నిలబడ్డాను. (తెరిస్తే ఆ పాయింట్ పోయినట్టే, కొత్తవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.) రెఫరీ వచ్చి చూసి మరో పళ్లెం ఇచ్చాడు. ఒక రౌండ్‌లో అలా రెండుసార్లే ఒప్పుకుంటారు. నాకు ఆ రౌండ్‌లోనే మూడోసారి కూడా వచ్చింది. అప్పటికి 17కి 16 కొట్టి ఉన్నాను, ఆ టెన్షన్‌లో తర్వాతివి ఎలా కొట్టానో నాకే తెలియదు, నా స్కోర్ కార్డ్ చూడటానికి కూడా మనసొప్పలేదు.

ఇంటికొచ్చాక ఆ రోజు కార్ట్రిడ్జ్‌లన్నీ టేబుల్ మీద రెండు వరసలుగా నిలబెట్టాను, కింది గొట్టంవి ఒక వరస, పై గొట్టంవి ఒక వరస. పై గొట్టం వాటి ప్రైమర్ (కార్ట్రిడ్జ్ అడుగున ఫైరింగ్ పిన్ కొట్టే బిళ్ల) మీద గుంట లోతుగా, గుండ్రంగా, పెసరగింజ దూరేట్టు ఉంది. కింది గొట్టం వాటి మీద ఏదో గోటితో నొక్కినట్టు పైపైన మచ్చ. పేలని మూడూ ఆ వరసవే. విప్పి చూస్తే కింది ఫైరింగ్ పిన్ కంపెనీది కాదు, ఎవరో లేత్ మీద తిప్పించి వేసింది, ఒక వెంట్రుక పొట్టిగా ఉంది. సుత్తి స్ప్రింగ్ కూడా అలసిపోయి ఉంది. ఇక రెండోసారి ట్రిగ్గర్ ఎందుకు ఊరికే ఊగిందంటే, అది ఇనర్షియా ట్రిగ్గర్. మొదటి షాట్ తన్నే తన్నుకే అది రెండో గొట్టానికి మారుతుంది. మొదటిది పేలకపోతే తన్నూ లేదు, మారడమూ లేదు. మెకానికల్ ట్రిగ్గర్ అయితే మొదటిది పేలినా పేలకపోయినా రెండోసారి నొక్కగానే రెండో గొట్టం పనిచేస్తుంది. కొనేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అమ్మేవాళ్లకి కూడా చాలాసార్లు తెలియదు, అప్పుడు రెండు డమ్మీ కార్ట్రిడ్జ్‌లు వేసి మీరే నొక్కి చూసుకోండి.

అందుకే ఏ రకం తుపాకీ నమ్మకమైనదని ఎవరడిగినా ముందు ఫైరింగ్ పిన్, స్ప్రింగ్, కార్ట్రిడ్జ్ ఈ మూడింటి గురించే మాట్లాడతాను. తుపాకీ మీద చెక్కిన పేరు ఆ తర్వాత. మంచి పేరున్న తుపాకీనే పది రూపాయల పిన్ను నన్ను నిలబెట్టేసింది.

సెమీ ఆటో సంగతి. ఇరుక్కుంటుందన్నది సగం నిజం. చాలా సెమీ ఆటోలు పేలిన గ్యాస్‌లో కొంత పిస్టన్ మీదకి మళ్లించి ఖాళీ డొప్పని బయటకి విసిరి కొత్తది ఎక్కిస్తాయి. శుభ్రంగా ఉంచి, దానికి తగిన లోడ్ (కార్ట్రిడ్జ్‌లోని గుండ్ల బరువు) వేస్తే వేల షాట్లు ఇబ్బంది లేకుండా నడుస్తుంది, తన్ను కూడా తక్కువ. కానీ మన ఆటలో లోడ్ 24 గ్రాములకి మించకూడదు, అంత తేలికపాటి లోడ్‌తో మసి పట్టిన పిస్టన్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోతే డొప్ప మధ్యలోనే ఇరుక్కుంటుంది. రూల్ ప్రకారం సెమీ ఆటోతో ఆడొచ్చు, పంప్ యాక్షన్‌కి (ముందుచెక్కని చేత్తో లాగి తూటా ఎక్కించేదానికి) మాత్రం అనుమతి లేదు, దాని గురించి ఆలోచించడం మానేయండి. అయితే మన దేశంలో సెమీ ఆటో మామూలు లైసెన్స్ మీద రాదు, అక్కడికే మీ ప్రశ్న చాలావరకు తేలిపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దది. ఓవర్ అండర్ మధ్యలో మడిచి తెరిచి చేతి మీద వేసుకుని నడుస్తుంటే, అది ఖాళీ అని ఇరవై అడుగుల దూరంలో ఉన్నవాళ్లకి కూడా కనిపిస్తుంది. పిల్లలు కూడా నేర్చుకునే రేంజ్‌లో ఇది చిన్న విషయం కాదు.

ఓవర్ అండర్‌లో కింది గొట్టం ముందు పేలుతుంది, ఆ తన్ను నేరుగా భుజంలోకి వస్తుంది, తుపాకీ మూతి తక్కువగా ఎగురుతుంది, రెండో షాట్‌కి త్వరగా రావొచ్చు. రెండు గొట్టాలకి రెండు చోక్‌లు (గుండ్లు ఎంత చెదరాలో నిర్ణయించే మూతి దగ్గరి ఇరుకు) ఉంటాయి కాబట్టి దగ్గర షాట్‌కి ఒకటి, దూరం పోయాక కొట్టేదానికి మరింత బిగువైనది పెట్టుకోవచ్చు. మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చాడు కదా, అలాంటి పోటీల్లో లైన్ మీద చూడండి, అటూ ఇటూ అన్నీ ఓవర్ అండర్‌లే. ట్రాప్‌కి 30 లేదా 32 అంగుళాల గొట్టం, మూడున్నర కిలోలకి పైన బరువు. బరువు చూసి భయపడకండి, ఆ బరువే తన్నుని మింగుతుంది.

బెరెటానా, పెరాజీనా, బ్రౌనింగా అంటే నా సలహా ఒక్కటే. మీరు ఆడే రేంజ్‌లో, అది సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోదైనా ఇంకోటైనా, ఇద్దరు ముగ్గురి దగ్గర ఏ కంపెనీ తుపాకీ ఉందో అదే కొనండి. పిన్ విరిగిన రోజు ఇటలీకి మెయిల్ పెడితే లాభం లేదు, పక్క స్టేషన్ అన్న బ్యాగులో స్పేర్ ఉంటేనే మీ రౌండ్ పూర్తవుతుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం తెచ్చిన పెరాజీ ఎంఎక్స్8కి ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత గిరాకీ ఉండటానికి ఒక కారణం, దాని ట్రిగ్గర్ మొత్తం ఒక్క ముక్కగా చేత్తో ఊడొస్తుంది. స్పేర్ ట్రిగ్గర్ పెట్టుకుంటే రెండు నిమిషాల పని. కానీ ధర మాత్రం అలాంటిదే, మొదటి తుపాకీగా అది అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ముందుచెక్క ఊడదీసి, తుపాకీ మూసి, వెనక చెక్క పట్టుకుని చెవి దగ్గర ఊపండి. గొట్టాలు కదిలినా, టక్ టక్ చప్పుడు వచ్చినా కీలు దగ్గర అరిగిందని అర్థం. తుపాకీ తెరిచే పైనున్న లీవర్ మూసినప్పుడు మధ్యగీతకి కాస్త కుడివైపు ఆగాలి, మధ్య దాటి ఎడమకి పోతుంటే చాలా తిరిగిన తుపాకీ. కీలు అరిగితే పెద్ద సైజు పిన్నులు వేయించి బాగుచేయొచ్చు, అది పెద్ద లోపం కాదు, ఆ మేరకు ధర తగ్గించమనండి. గొట్టంలో సొట్టలుంటే మాత్రం వదిలేయండి.

కార్ట్రిడ్జ్‌ల గురించి రెండు మాటలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాటిని కార్ డిక్కీలో, గ్యారేజ్‌లో ఉంచకండి. నేను ఒక వానాకాలం రెండు పెట్టెలు అలా పోగొట్టుకున్నాను, చెమ్మకి ఉబ్బి ఛాంబర్‌లో సగం దూరి ఆగిపోయాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఇంట్లో, తాళం వేసి. పేలకపోతే కంగారుపడి తెరవొద్దు, కొన్నిసార్లు ఆలస్యంగా పేలుతుంది, మూతి ముందుకే పెట్టి కనీసం అర నిమిషం ఆగండి. ఒక షాట్ ఎప్పుడైనా "ఫుస్" అని మెత్తగా వినిపిస్తే, పళ్లెం పగిలినా సరే, తుపాకీ ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు చూడండి. ప్లాస్టిక్ వాడ్ (కార్ట్రిడ్జ్‌లో గుండ్ల వెనక ఉండే ముక్క) మధ్యలో ఇరుక్కుని ఉంటే తర్వాతి షాట్‌కి గొట్టమే చీలుతుంది. ఒక్కసారి కూడా బద్ధకించకూడని పని ఇది.

శుభ్రం చేయడం పెద్ద విద్య కాదు. ఆడిన రోజే గొట్టాలు తుడవాలి, కీలు మీద కొంచెం గ్రీజు, మిగతాచోట్ల నూనె తడి మాత్రం. మన మే నెల దుమ్ముకి నూనె ఎక్కువైతే అదే జిగురవుతుంది. ఫైరింగ్ పిన్నులు, స్ప్రింగ్‌లు ఏడాదికోసారి మార్పించడమో చూపించడమో చేస్తాను, ఆ ఆగస్టు తర్వాత ఒక్క ఏడాది కూడా మానలేదు, ఒక్క మిస్‌ఫైర్ కూడా రాలేదు. నెలకోసారి ఆడిన డొప్పలు నాలుగు తెచ్చి గుంటలు పోల్చి చూసుకుంటాను, మా ఆవిడకి ఆ వరసలు చూసి అలవాటైపోయింది.

తుపాకీ మీ ఒంటికి సరిపోయే కొలతల సంగతి మీ కోచ్ చూసుకుంటారు, కానీ దాన్ని చిన్నచూపు చూడొద్దు. షాట్‌గన్‌కి వెనక సైటు ఉండదు, మీ కన్నే వెనక సైటు. స్టాక్ ఒక వేలు ఎత్తు తేడా ఉన్నా కార్ట్రిడ్జ్‌లోని మూడు వందల ఛర్రాలూ (చిన్న గుండ్లు) పళ్లెం కింద నుంచో పై నుంచో పోతాయి. ముందు ఏ కన్ను పెత్తనం చేస్తుందో చూసుకోండి: రెండు కళ్లూ తెరిచి వేలితో దూరంగా ఉన్న స్తంభాన్ని చూపించి, ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే వేలు పక్కకి జరిగినట్టు కనిపిస్తుందో ఆ కన్నే. కుడి భుజంతో కాల్చే మీకు అది ఎడమ కన్ను అయితే, తుపాకీ కొనక ముందే ఆ సంగతి కోచ్‌కి చెప్పండి.

తాతగారి తుపాకీ లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో, గొట్టం అడుగున ఛాంబర్ దగ్గర ఏ అంకెలు చెక్కి ఉన్నాయో కింద రాయండి. ఆ అంకెల్ని బట్టి అది 65నా 70నా అన్నది చాలావరకు చెప్పగలను. అప్పటిదాకా అందులో కార్ట్రిడ్జ్ వేయకండి.